అమ్మ కేకు, నా ఐసింగు

"అయ్యగారూ, మీరు కేకులు కూడా చేస్తారటగా!" అని సంఘంలోకి కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. ఆ ‘కూడా’లో ఒక చిన్న నవ్వు దాగి ఉంటుంది. ప్రసంగానికి సిద్ధపడవలసిన మనిషి శనివారం రాత్రి గుడ్లు గిలకొడుతూ కూర్చోవడమేమిటని ఒక పెద్దాయన నా ముఖం మీదే అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని శనివారం వదిలేసి సోమవారం చేసుకుంటున్నాను. మొత్తానికే మానమంటే మాత్రం నావల్ల కాదు. ఎందుకో చెబుతాను.

నేను పుట్టి పెరిగింది మౌలాలి రైల్వే క్వార్టర్సులో. నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసేవారు. నిజాం రైల్వే రోజుల్లో, 1893లో వెలసిన వర్క్‌షాపు అది. ఆ కాలం నుండి లాలాగూడ, మెట్టుగూడ చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. అమ్మ కేకు నేర్చుకున్నది అలాంటి ఒక ఇంటి ఆంటీ దగ్గరే. అమ్మది పల్లెటూరు. అరిసెలు, సున్నుండలు తప్ప మరో పిండివంట ఎరగదు. ఆంటీకి తెలుగు అంతంతమాత్రం, అమ్మకు ఇంగ్లీషు సున్నా. అయినా విద్య చేతులు మారింది. ఎందుకంటే అందులో ఉన్నది ఒకటే లెక్క. గుడ్లు ఎంత తూగితే వెన్న అంత, పంచదార అంత, మైదా అంత. 5 గుడ్లు పావుకిలో తూగుతాయి. ఇక పుస్తకంలో రాసుకోవలసిందేముంది?

కష్టమంతా గిలకొట్టడంలోనే ఉంది. వెన్న, పంచదార పొడి కలిపి ఒకేవైపు తిప్పుతూ తెల్లబడేదాకా కొట్టాలి. డిసెంబరు చలికి వెన్న రాయిలా ఉండేది. అమ్మ బేసిను అడుగున గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని కొట్టేది. గుడ్లు ఒక్కొక్కటే వేయాలి. తొందరపడి ఒకేసారి పోస్తే పిండి విరిగిపోతుంది. అప్పుడు ఒక చెంచా మైదా వేసి సముదాయించుకోవాలి. అంత సేపు ఎందుకు కొట్టాలో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అలా కొట్టినప్పుడు వెన్నలో చిక్కుకున్న గాలిబుడగలే వేడికి ఉబ్బి కేకును పైకి లేపుతాయి. బేకింగ్ పౌడరు ఉన్న బుడగలను పెద్దవి చేస్తుందే గాని కొత్తవి పుట్టించలేదు. అమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. "చెయ్యి నొప్పి పుట్టాక ఇంకో పావుగంట" అన్నదే ఆమె సూత్రం.

ఓవెను మాకెక్కడిది? క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు పిండి టిన్నులకెత్తి, మీద పేరు రాసిన చీటీ పెట్టి, సైకిలు వెనక కట్టుకుని బేకరీకి తీసుకెళ్లేవాళ్లం. రొట్టెలు కాలిన తర్వాత ఆ భట్టీలోనే మా కేకులు కాల్చి ఇచ్చేవారు, కిలోకు ఇంతని తీసుకుని. మొహర్రం రోజుల్లో రోట్లు కాలే భట్టీ కూడా అదే. చలిలో వరుసగా కూర్చున్న అమ్మలు ఎవరి టిన్ను ఎంత పొంగిందో ఓరగా చూసుకునేవారు. ఆ పోటీని పాపమని నేననను.

ఆంటీ ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టేది. అమ్మ దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన నల్లద్రాక్ష రసంలో నానబెట్టేది. 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబల్లి బాపు అనే బేకరీ యజమాని, ఒక దొరగారు తెచ్చిన కేకును రుచి చూసి, తన ఊళ్లో దొరికే సరుకులతోనే అలాంటిది చేసిచ్చాడని అక్కడివారు చెప్పుకుంటారు. మా ఇంట్లో ద్రాక్షరసం కథ కూడా అలాంటిదే. రమ్ము లేనిది కేకు కాదనేవారు ఇప్పటికీ ఉన్నారు. వారితో నేను వాదించను, ఒక ముక్క పెడతాను.

1993లో, నేను ఆరో తరగతిలో ఉండగా, నా స్నేహితుడు పుట్టినరోజుకు పిలిచాడు. వాళ్ల నాన్నగారు ఉస్మానియా యూనివర్సిటీలో పనిచేసేవారు. ఇల్లు క్యాంపస్ క్వార్టర్సులో. తార్నాకలో బస్సు దిగి చెట్లకింద నడుచుకుంటూ వెళ్లాను. బల్లమీద కేకు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. మంచులాంటి తెలుపు, చుట్టూ గులాబీరంగు పువ్వులు, మధ్యలో వాడి పేరు. ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా అమ్మతో అన్నాను: "మన కేకు బోడిగుండులా ఉంటుందమ్మా!" అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

మరుసటి నెల నా పుట్టినరోజు. బడినుండి వచ్చేసరికి అమ్మ వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. ఇసుక పోసిన కుక్కరులో కాల్చిన కేకు ముందుంది. దానిమీద పూసిన డాల్డా, పంచదార పొడి కరిగి పళ్లెమంతా కారుతోంది. అమ్మ దాన్ని చాకుతో గీకేస్తోంది. నన్ను చూసి పళ్లెం పక్కకు తిప్పుకుంది. ఆ సాయంత్రం కేకు కోశాం, పాట పాడారు, అంతా మామూలుగానే జరిగింది. ఆ తర్వాత అమ్మ ఎన్నడూ ఐసింగు జోలికి పోలేదు. నేను అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆనాడు తోచలేదు. తోచేనాటికి ఎలా చెప్పాలో తెలియలేదు.

సేవలోకి వచ్చాక తార్నాకలో ఒక సహోదరి దగ్గర ఐసింగు నేర్చుకున్నాను. వెన్నకాగితాన్ని శంఖంలా చుట్టి కొస కత్తిరించి, చెయ్యి వణకకుండా ఒత్తాలి. ఇంగ్లీషు అక్షరాల నిలువుగీతలు నాకు ఈనాటికీ వంకరపోతాయి. మన తెలుగు అక్షరాలు అలా కాదు. ఐసింగు దారం దానంతటదే సుళ్లు తిరుగుతూ పడుతుంది గనుక ‘ల’, ‘ర’, ‘అ’ చక్కగా వస్తాయి. తలకట్టు దగ్గర మాత్రం ఆగి తుంచుకోవాలి. సండేస్కూలు పిల్లల పేర్లు తెలుగులోనే రాస్తాను. మొదటిసారి తన పేరు కేకుమీద చూసుకున్న పిల్ల ఆ ముక్కను తినకుండా ఇంటికి పట్టుకెళ్లింది.

అమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "గోడ బాగాలేనివాడు సున్నం దట్టంగా కొడతాడు" అనేది. అడుగున కేకు ఎలా ఉందో చూసేది. ఒకసారి నిజంగానే గట్టిపడింది. ఆమె చెప్పకముందే నాకు తెలుసు.

తర్వాత షుగరు వ్యాధి ఆమె కంటి లోపలి పొరను దెబ్బతీసింది. లేజరు చేయించాం, సూదులు వేయించాం. కొంతకాలం నీడలు కనబడేవి, ఇప్పుడు అవీ లేవు. జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాకకు ఇంత దగ్గరలో ఉండి, ఇంట్లో ఈ జబ్బు పెట్టుకుని, పంచదారతో నాకీ ఆటలేమిటని నన్ను నేను అడుగుకున్న రోజులున్నాయి. రెండేళ్లు కేకుల జోలికి పోలేదు. మళ్లీ మొదలుపెట్టమన్నది అమ్మే. "ఇల్లు వాసన రావడం లేదురా" అంది.

పోయిన సంవత్సరం ఆమె పుట్టినరోజుకు రాయల్ ఐసింగు కలిపాను. మామూలుగా గుడ్డు తెల్లసొన, ఐసింగ్ షుగరు, నాలుగు చుక్కల నిమ్మరసం. పచ్చి తెల్లసొన పెద్దవాళ్లకు మంచిది కాదు గనుక మెరింగ్ పౌడరు వాడాను. ఇది ఆరితే సుద్దముక్కలా గట్టిపడుతుంది. వెన్నకాగితంమీద రెండే అక్షరాలు లావుగా ఒత్తి, రాత్రంతా ఆరబెట్టి, కేకుమీద నిలిపాను. అమ్మ చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం దగ్గర ఉంచాను.

వేలు నెమ్మదిగా చుట్టూ తిరిగింది. "ఇది ‘అ’ కదూ?" అంది. పక్కకు జరిగింది. "ఇది ‘మ’... కింద వత్తు కూడా పెట్టావే!"

ఇంట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. అక్షరాలు దాటి, అంచుదాకా వెళ్లి, పైపూతను మునివేళ్లతో తడిమి చూసింది.

"చల్లారాకే పూశావా?"

"చల్లారాకేనమ్మా."

"నేనారోజు ఆగలేకపోయానురా. నువ్వు బడినుండి వచ్చే వేళైపోయింది."

ఆమె ఏ రోజు గురించి అంటున్నదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ముప్ఫై ఏళ్లుగా నేను దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. అమ్మ విన్నది. "సరేగాని కొయ్యి, నాకు చిటికెడు చాలు" అంది. నోట్లో వేసుకుని, కాసేపు చప్పరించి, "ఇంకో పావుగంట కొట్టవలసింది" అంది.