ఎర్రమట్టి దిబ్బల దారిలో

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సముద్రపుటొడ్డున సాగే రహదారి సుమారు 25 కిలోమీటర్లు. కుడివైపు బంగాళాఖాతం, ఎడమవైపు కొండలు. మదరసా విద్యార్థులతో ఈ దారిన వెళ్ళినప్పుడు, ఇంత తక్కువ దూరానికి ఖస్ర్ వర్తించదనీ, నమాజులు పూర్తిగానే చేయాలనీ వారికి ముందుగానే తెలియజేశాము.

రుషికొండ దాటాక మంగమారిపేట వద్ద అలలు తొలిచిన రాతి తోరణం చూశాము. నీరు వెనుకకు తగ్గినప్పుడే దాని చెంతకు పోవడం క్షేమం.

అక్కడికి కొద్ది దూరంలోనే ఎర్రమట్టి దిబ్బలు. వేల సంవత్సరాలుగా పేరుకున్న ఇసుక, అందులోని ఇనుము తుప్పు వలన ఎరుపెక్కింది. వాననీరు దానిని కోసి లోతైన లోయలు చేసింది. కొండలలోని తెల్లని, ఎర్రని, నల్లని చారలను ఆలోచించేవారికి సూచనలుగా చూపే ఫాతిర్ సూరా మా మనసులో మెదిలింది.

ఒక బాలుడు పుల్లతో ఆ మట్టిగోడపై తన పేరు చెక్కబోయాడు. "నాయనా, రాలిన ఈ మట్టిని మనం తిరిగి నిలబెట్టగలమా?" అని అడిగాము. అతడు పుల్ల పారవేశాడు.

భూవైజ్ఞానిక వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు తవ్వకాలకు, చదునుచేతకు లోనవుతూ తరిగిపోతున్నాయి. గోస్తనీ నది సాగరంలో కలిసే భీమిలి వరకు ఈ తీరమంతా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. కుటుంబ సమేతంగా వెళ్ళండి, చూడండి, చెత్త వదలకుండా తిరిగి రండి. దారిలోని హానికర వస్తువును తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమేనని మన ప్రవక్త (స) బోధించారు కదా!