తిత్తి తాడు

బొంగరానికి ములికి అడిగితే ఆచారి తాత డబ్బులు అడిగేవాడు కాదు, తిత్తి తాడు చేతికిచ్చేవాడు.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో మా పల్లె. 1970ల మాట. తొలకరికి ముందు కర్రులు కాల్పించుకునే రైతులతో కొలిమి కిటకిటలాడేది. ఒక తిత్తి అణుగుతుంటే రెండోది ఉబ్బాలి. నేను ఏమరితే తుమ్మబొగ్గుల మీద మంట కుంగేది. "ఏంది అబ్బయా, బొగ్గులకు జోల పాడతన్నావా?" అనేవాడు తాత.

పాకలో పట్టపగలూ చీకటే. కిటికీ పెట్టుకునే స్తోమత లేదేమో అనుకునేవాణ్ణి. అది కాదు, కాలిన ఇనుము రంగు ఎండలో తెలియదు. కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లతొట్లో ముంచితే గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. మళ్లీ కాస్త సెగ చూపిస్తే అంచు మీద ఎండుగడ్డి రంగు పాకుతుంది, వెనకే నీలం తరుముకొస్తుంది. నీలం అంచును ముట్టేలోపు నీళ్లలో పడాలి, లేకుంటే పదును నిలవదు. ఆ కొడవళ్ల ఇనుమేమో లారీల పాత కమాను పట్టీలు!

అసలు సంబరం బండిచక్రానికి పట్టా ఎక్కించే రోజు. పట్టాను చక్రం కన్నా రవ్వంత బిగువుగానే చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి కాలిస్తే అది సాగుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించగానే కొయ్య భగ్గుమనేది. బిందెలకొద్దీ నీళ్లు. ఆవిరిలో మనిషికి మనిషి కనపడడు, ముడుచుకునే పట్టా కింద ఆకులు కిర్రుమంటూ బిగుసుకునే చప్పుడొకటే.

టైరుబండ్లొచ్చి ఆ పని పోయింది. ట్రాక్టర్లొచ్చి కర్రుల పనీ పోయింది. తాత కొడుకు ఉదయగిరి చేరి, నర్ది, కలివి కొయ్యతో గరిటెలు చెక్కేవాళ్ల ఉలులకు పదును పెడుతూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు.

కర్రుల పని ఉన్న రోజుల్లో కళ్లంలో కొలిచిచ్చే మేరే తాతకు ఏడాది కూలి. ఒక ఏడు వానల్లేక మాకు కళ్లమే లేదు. మొహం చెల్లక నాయన కొలిమి ముందు నుంచి పోకుండా చుట్టుదారిన పొలానికి పోయేవాడు. మరుసటి తొలకరికి కర్రు నా చేత పంపాడు. తాత ఏమీ అడగలేదు. కాల్చి, మొన సాగగొట్టి ఇచ్చాడు. పోతుంటే పిలిచి, నేను అడగకుండానే ఒక ములికి చేతిలో పెట్టాడు.

కర్రు నాయనకిచ్చాను. ములికి చూపించలేదు.