మాట రాకముందే చెబుతున్నారు

మా ఓపీకి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూర్చోగానే అడిగేది ఒక్కటే. "మావాడికి మాటలెప్పుడొస్తాయి డాక్టరుగారూ?" గోదావరి జిల్లాల్లో పిల్లల వైద్యుడిగా ఇన్నేళ్లు పనిచేశాక, దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. "మాటలు లేకుండానే మావాడు మాకేం చెబుతున్నాడు?" ఆటిజం గురించి మన ఇళ్లలో, బళ్లలో, బజార్లో ముందుగా తెలియాల్సింది ఇదే. ఈ ప్రశ్న వేసుకున్న ఇళ్లలో పిల్లలు ఎదగడం చూశాను. మాటల కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన ఇళ్లలో నలిగిపోయిన తల్లులనూ చూశాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, వాళ్లలో కొందరి సంగతులు చెబుతాను.

మూడున్నరేళ్ల పిల్లవాడిని నాయనమ్మ చంకనేసుకుని వచ్చింది. వెనకాలే తల్లి. "వీళ్ల నాన్నకీ మూడేళ్లు దాటాకే మాటలొచ్చాయి బాబూ. మగపిల్లలకి కాస్త నిదానం. వస అరగదీసి నాకించాం కూడా. ఈ పిల్లే ఊరికే కంగారు పడిపోతోంది" అంది పెద్దావిడ. తల్లి ఏమీ అనకుండా ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచినా వాడు తిరిగి చూడడు. పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చింపిన చప్పుడైతే మాత్రం పరుగెత్తుకొస్తాడు. నీళ్లు కావాలంటే అమ్మ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడు. వేలు పెట్టి చూపించడు, ఆమె ముఖంలోకి చూడడు. అది వినికిడి లోపం కాకపోవచ్చని ఆ తల్లికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఏడాది దాటిన పిల్లలు గోడమీది కాకిని వేలితో చూపించి, వెంటనే అమ్మవైపు తిరుగుతారు. వాళ్లకు కాకి కావాలని కాదు, అమ్మ కూడా దాన్ని చూడాలని. చూసినదాన్ని ఇంకొకరితో పంచుకోవాలన్న ఈ కోరిక మాటకంటే ముందు పుడుతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో తొలి తేడా కనబడేది ఇక్కడే. మనం నోటివైపు చూస్తూ కూర్చుంటాం. కాస్త ముందే చేతివైపు, చూపువైపు చూడాలి. పిల్లలు ఏడాది నిండినా పేరు పిలిస్తే పలక్కపోయినా, ముద్దుపలుకులు మొదలుకాకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా ఆలస్యం చేయకూడదు. వీటిలో ఏదో ఒకటి ఉన్నంతమాత్రాన ఆటిజమేనని కాదు. అందుకే మేం ముందు బెరా పరీక్షతో వినికిడి చూస్తాం. 16 నుంచి 30 నెలల పిల్లలకైతే ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టీ ఉంది. తల్లి పది నిమిషాల్లో జవాబులు చెప్పేయొచ్చు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తారు. తేడా ఉంటే జిల్లా స్థాయిలోని డీఈఐసీ కేంద్రానికి పంపిస్తారు. డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు.

అంతా విన్నాక నాయనమ్మ అడిగింది, "మరి నన్నేం చెయ్యమంటారు బాబూ?" అన్నం పెట్టేటప్పుడు ముద్ద కలిపి ఒక్క క్షణం ఆగమన్నాను. మీవైపు చూసినా, చెయ్యి కదిపినా, గొంతులో చిన్న శబ్దం చేసినా అది వాడు అడగడమే, వెంటనే పెట్టేయండి అన్నాను. థెరపిస్టు దగ్గర వాడు గడిపేది వారానికి కొద్ది గంటలు. మిగతా రోజంతా నాయనమ్మతోనే. ఆవిడ ఒక్క పూట మానలేదు. ఏడాది తిరిగేసరికి వాడు పెరుగుగిన్నెను వేలితో చూపించి ఆవిడ కళ్లలోకి చూశాడు. మాటలు ఆ తర్వాత వచ్చాయి, కొన్నే వచ్చాయి. ఆ వేలు కదిలిన రోజునే వాడికి దారి తెరుచుకుంది.

ఆ తల్లి గురించి ఇంకొక్క మాట చెప్పాలి. ఇలాంటి ఇళ్లలో తప్పంతా ఆమెమీదే పడుతుంది. ఉద్యోగానికి పోయిందని, ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టిందని, గ్రహణంనాడు కదిలిందని అంటారు. ఈ నింద కొత్తది కాదు. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లల లక్షణాలు వివరిస్తూ ఆటిజం గురించి వ్యాసం రాశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో, తల్లుల్లో ప్రేమ లేకపోవడమే దీనికి కారణమన్న వాదం పెద్ద పెద్ద ఆస్పత్రుల్లోనే నడిచింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకం దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ నింద మోసిన తల్లులు ఎందరో. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, మెదడు ఎదుగుదలకు సంబంధించినదని 1964లోనే వాదించారు. 1977లో కవలల మీద వచ్చిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపించింది. వైద్యశాస్త్రం ఎప్పుడో వదిలేసిన నిందను మన ఇళ్లు ఇంకా మోయిస్తున్నాయి. ఫోన్ వల్ల ఆటిజం రాదు. అయితే పిల్లలు మనుషులతో గడపాల్సిన సమయాన్ని ఫోన్ తినేస్తుంది. అందుకని తగ్గించమంటాం. అది సలహా. తల్లిని నేరస్థురాలిని చేయడానికి సాక్ష్యం కాదు.

టీకాల మీద అనుమానమూ ఇలాంటిదే. పెద్దబ్బాయికి ఆటిజం ఉందని, చిన్నపాపకు తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా వేయించనని ఒక తండ్రి పట్టుబట్టాడు. ఆయన కోపం వెనక భయం ఉంది. అందుకే తొందరపెట్టకుండా కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లల గురించి లాన్సెట్‌లో రాసిన వ్యాసంతో ఈ అనుమానం ఊపందుకుంది. దాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది వైద్యుల జాబితా నుంచి ఆయన పేరు తొలగించారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలోనూ, టీకా వేయించుకున్న పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనబడలేదు. ఆటిజం తెలిసొచ్చే వయసూ, ఆ టీకా వేసే వయసూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే ఒకదానివల్ల ఇంకొకటి వచ్చినట్టు అనిపిస్తుంది. తట్టు మాత్రం నిజంగా ప్రాణం తీయగల జబ్బు. పాపకు టీకా వేయించాడు.

ఇంకో ఇంట్లో ఎనిమిదేళ్ల అబ్బాయి. మాటలు లేవు. ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. చెంపమీద తనే కొట్టుకుని వాపు తెచ్చుకున్నాడు. బడివాళ్లు ఇంటికి పంపేశారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నిద్రమందులూ వాడారు. అతన్ని పట్టుకుని, నిదానంగా, టార్చి వేసి నోట్లో చూస్తే కింది దవడ పన్ను లోపలిదాకా పుచ్చిపోయి ఉంది. చిగురు వాచింది. అన్నం తినేటప్పుడే కొట్టుకోవడం ఎందుకు ఎక్కువైందో అప్పుడు తల్లికి తెలిసింది. మత్తు ఇచ్చి పంటికి వైద్యం చేశాక, కొద్దివారాల్లో కొట్టుకోవడం దాదాపు ఆగిపోయింది. తనకు తెలిసిన ఒకే పద్ధతిలో అతను నొప్పి చెప్పుకున్నాడు. మనం దాన్ని మొండితనమన్నాం, దయ్యమన్నాం. మాట లేని పిల్లల ప్రవర్తన ఒక్కసారిగా మారితే చెవి, పన్ను, మలబద్ధకం, మూత్రంలో మంట, నిద్రలేమి, మూర్ఛ వీటన్నిటినీ వెతకాలి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ మామూలుకన్నా ఎక్కువ. కొందరికి కుక్కర్ విజిల్, పెళ్లి బాజాలు, చొక్కా వెనకుండే లేబుల్ కూడా భరించలేనంత బాధ పెడతాయి.

ఆ అబ్బాయికి ఇంట్లోవాళ్లు బొమ్మల కార్డులు తయారుచేశారు. వాళ్ల కంచం, వాళ్ల బాత్‌రూమ్, అమ్మమ్మగారి ఇల్లు ఫొటోలు తీసి అట్టలకు అంటించారు. మనిషి బొమ్మ గీసి, నొప్పి ఎక్కడో చూపించడం నేర్పారు. కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడని తండ్రి భయపడ్డాడు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం లేదు. కొందరు పిల్లలకు మాట రావడానికి ఈ కార్డులే తోడ్పడ్డాయి. అన్నిటికన్నా ముందు నేర్పమని నేను చెప్పేది 'వద్దు' కార్డు. వద్దని చెప్పే వీలు దొరికితే కొరకడం, విసిరికొట్టడం చాలావరకు తగ్గుతాయి.

మాటలు దండిగా ఉన్నవాళ్లనీ మనం వినడం లేదని ఒక అమ్మాయి వల్ల నాకు బాగా తెలిసింది. పదమూడేళ్లు. రోజూ పొద్దున్నే బడి టైముకు కడుపునొప్పి. పరీక్షలన్నీ చేశారు, ఏమీ లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి హైదరాబాద్ దాకా ఆగే స్టేషన్లన్నీ వరసతప్పకుండా చెబుతుంది, పాఠ్యపుస్తకంలాంటి తెలుగులో. క్లాసులో మొదటి ర్యాంకు. ఒక్క స్నేహితురాలూ లేదు. మిగతావాళ్లు ఎప్పుడు నవ్వుతున్నారో గమనించి తనూ నవ్వుతానని, సాయంత్రానికి ఒళ్లు హూనమైపోతుందని చెప్పింది. బళ్లో దానికి పెట్టిన పేరు పొగరు. ఆటిజం నిర్ధారణ అయినవాళ్లలో ఒక అమ్మాయికి దాదాపు నలుగురు అబ్బాయిలు ఉంటారు. ఇలా అణచుకుని నెట్టుకొచ్చే అమ్మాయిలు లెక్కలోకి రాకపోవడం దానికి ఒక కారణం. ఇది ఆటిజం అని వివరించినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "అయితే నాకున్నది పొగరు కాదన్నమాట" అంది. అంతకాలం ఆ నిందను నిజమనుకుందా పిల్ల. ఆ తర్వాత ఇంటర్వెల్‌లో లైబ్రరీలో కూర్చోవడానికి హెడ్‌మాస్టరుగారు ఒప్పుకున్నారు. చిన్న ఏర్పాటే, కడుపునొప్పి తగ్గింది.

ఆ హెడ్‌మాస్టరుగారిది మంచి మనసు. అయితే ఇలాంటి ఏర్పాట్లు ఎవరో దయతలిస్తే దొరికేవి కాకూడదు. 1995 నాటి వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఉంది. వైకల్యం ఉందని బడిలో చేర్చుకోకపోవడం ఆ చట్టానికి విరుద్ధం. పిల్లల అవసరానికి తగిన ఏర్పాట్లు బడి చేయాలి. వైకల్య ధ్రువపత్రం కోసం వాడే ఐఎస్‌ఏఏ అనే భారతీయ కొలమానాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థే. హైదరాబాద్‌తో సహా దేశంలో అయిదు ప్రాంతాల్లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. దాని ప్రకారం మన పిల్లల్లో సుమారు 100 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంటే ప్రతి ఊళ్లో, కాస్త పెద్ద ప్రతి బళ్లో ఇలాంటి పిల్లలున్నారు.

ఇంతమంది తల్లిదండ్రుల ఆశ చుట్టూ వ్యాపారమూ పెరిగింది. ఒక రైతు అరెకరం అమ్మి కొడుక్కి మూలకణాల చికిత్స చేయించాడు. ఏ మార్పూ రాలేదు. ఆటిజానికి మూలకణాల చికిత్సను ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఆమోదించలేదు. పరిశోధనలో భాగంగా తప్ప చేయకూడదు, పరిశోధన అయితే డబ్బు తీసుకోకూడదు. పూర్తిగా నయం చేస్తామన్న ప్రకటన కనబడితే అక్కణ్నించి వెనక్కి రమ్మని చేతులు జోడించి చెబుతున్నాను. ఆటిజం కొన్నాళ్లు ఉండి పోయే జబ్బు కాదు. ఆ మనిషి మెదడు ఎదిగిన తీరే అది. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో రోజూ చేయించే సాధన, తోడుగా వచ్చే మూర్ఛకూ నిద్రలేమికీ వైద్యం, ఇవి పనికొస్తాయి. ఆ అరెకరం ఆ పిల్లవాడికి రేపటి అన్నం అయ్యేది.

పిల్లలు పెద్దవాళ్లయ్యేకొద్దీ తల్లిదండ్రుల ప్రశ్న మారుతుంది. రిటైరైన ఒక మాస్టారు తన ఇరవై నాలుగేళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, "మా తర్వాత వీడెలాగండీ?" అని అడిగారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుడిని నియమించుకోవచ్చని, నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉందని చెప్పాను. ఆయన అవన్నీ చేయించుకున్నారు. దాంతో ఊరుకోకుండా, కొడుకును వీధిచివర కిరాణా కొట్టుకు తీసుకెళ్లారు. పప్పులు తూచి పొట్లాలు కట్టే పని ఇప్పించారు. అతని తూకంలో తేడా రాదు. రద్దీ ఎక్కువైతే అతను వెనకగదిలోకి వెళ్లిపోతాడని కొట్టు యజమానికి తెలుసు. 'కాసేపు ఆగండి' అని రాసిన కార్డు చూపిస్తే కొనేవాళ్లు ఆగుతారు. అతను నోటితో అనే మాటలు ఇప్పటికీ చాలా తక్కువ. అయినా ఆ వీధిలో అతను చెప్పేది అర్థంకానివాళ్లు లేరు.

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం జరుపుతున్నాం. సభలు జరగాలి, కరపత్రాలు పంచాలి. దానితోపాటు ప్రతి చదువరీ ఒక పని చేయాలని నా విన్నపం. బస్సులో ఒక పిల్లవాడు చెవులు మూసుకుని అరుస్తుంటే, పెంపకం బాగాలేదని ఆ తల్లికి వినబడేలా అనకండి. వీలైతే కిటికీ పక్క సీటు ఇవ్వండి. మీ ఇంటి శుభకార్యానికి ఆ కుటుంబాన్ని పిల్లవాడితో సహా పిలిచి, బాజాలకు దూరంగా ఒక గది చూపించండి. టీచర్లయితే ఒక్కసారి కార్డుల భాషలో పలకరించండి. తల్లిదండ్రుల తర్వాత ఎవరన్న ప్రశ్నకు చట్టం సగం జవాబే ఇవ్వగలదు. మిగతా సగం ఊరు ఇవ్వాలి. ఆ పిల్లలు చెబుతున్నది వినడం ఊరు ఇప్పటినుంచే నేర్చుకుంటే, వాళ్లు పెద్దయ్యేనాటికి ఆ జవాబు సిద్ధంగా ఉంటుంది.