ఒక్క అడుగు వెనక్కి



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో క్లాస్‌రూమ్ బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు, పక్కనున్న ఒకావిడ గొంతు తగ్గించి, "మీవాడు కూడా గేములు ఆడతాడాండీ?" అని అడిగారు. ఏదో జబ్బు గురించి అడిగినట్టు అడిగారు. ఆడతాడండీ అన్నాను. ఆవిడ ముఖంలో "హమ్మయ్య, మావాడొక్కడే కాదు" అన్న ఊరట కనిపించింది. మీ ఇంట్లోనూ ఈ గొడవ ఉంటే, నాకు ఎదురైన ఒక చిన్న అనుభవం మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

మావాడు తొమ్మిదో తరగతి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన వాళ్ల మేనమామ ప్లేస్టేషన్ తెచ్చిచ్చాడు. అందులో మావాడికి ఇష్టమైన ఆట టెక్కెన్ 8. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. "కొట్టుకోవడంలో నేర్చుకునేదేముంది, పుస్తకం తియ్యి" అనడమే నా పని. శని, ఆదివారాల్లో గంట చొప్పున మాత్రమే అని షరతు పెట్టాం. ఆ గంటలోనూ తలుపు దగ్గర నిలబడి గడియారం చూసేదాన్ని.

ఒక ఆదివారం కరెంటు పోయి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఎవరూ దొరకలేదు. "అమ్మా, ఒక్క ఆట ఆడవా" అన్నాడు. చూడ్డానికి ముద్దుగా ఉందని నేను పాండాను ఎంచుకున్నాను. పది ఆటలు ఆడాం, పదీ ఓడిపోయాను. నవ్వుతూనే అన్నాడు: "నువ్వు దెబ్బ తగిలిందంటే చాలు, వెంటనే త్రికోణం బటన్ నొక్కుతావమ్మా. నేను ఒక్క అడుగు వెనక్కి వేస్తాను. నీ దెబ్బ గాల్లోకి పోతుంది. అప్పుడు కొడతాను. అంతే."

నాకు కాస్త రోషం వచ్చింది. ఈసారి నొక్కకూడదు అనుకున్నాను. దెబ్బ తగిలింది. నా వేలు నన్ను అడక్కుండానే మళ్లీ త్రికోణం మీదకు వెళ్లింది.

ఆ రోజు నుంచి తలుపు దగ్గర నిలబడటం మానేసి పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో చెబుతాను. ఈ ఆటలో దెబ్బలు మూడు ఎత్తుల్లో వస్తాయి: పైన, మధ్యన, కింద. నిలబడి కాచుకుంటే పైనా మధ్యనా ఆగుతాయి, కిందది తగులుతుంది. కూర్చుంటే కిందది ఆగుతుంది, మధ్యది తగులుతుంది. అన్నింటినీ ఒకేసారి ఆపే కాపు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆట సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. అన్నిటికన్నా వేగమైన గుద్దు 10 ఫ్రేముల్లో, అంటే సెకనులో ఆరో వంతులో తగులుతుంది. కంటితో చూసి వేలితో స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. అంటే కొన్ని దెబ్బల్ని చూసి ఆపడం కుదరదు. అవతలివాడు ఏం చేస్తాడో ముందే ఊహించాలి. ఊహించాలంటే వాడి అలవాట్లు తెలియాలి. మన అలవాట్లు వాడికి తెలిసిపోకూడదు.

ఇది చెబుతుంటే మావారు పేపరు పక్కన పెట్టి, "ఇది కబడ్డీయే కదా" అన్నారు. చిన్నప్పుడు ఊళ్లో ఆడేవారట. ఎప్పుడూ ఒకే మూలకు కూతకు వెళ్లేవాణ్ణి మూడోసారికి పట్టేసేవాళ్లట. "కాలు బలం ఒక్కటే చాలదు, ఎటు వెళ్తావో తెలియకూడదు" అన్నారు. ఆటల గురించి తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం చాలా రోజుల తర్వాత విన్నాను.

ఇక్కడే మావాడికి ఒక దెబ్బ తగిలింది. నగరంలో ఒక గేమింగ్ సెంటర్‌లో చిన్న పోటీ పెడితే తీసుకెళ్లాం. అంతకు ముందు నెలన్నర నుంచీ వాడు కొరియన్ బ్యాక్‌డాష్ అనే కదలిక సాధన చేస్తున్నాడు. వెనక్కి రెండుసార్లు నొక్కితే బొమ్మ ఒకసారి వెనక్కి గెంతుతుంది. వెంటనే ఇంకోసారి గెంతడానికి చిన్న ఆలస్యం ఉంటుంది. వేలిని వెనక-కింద మూలకు జార్చి ఆ ఆలస్యాన్ని తప్పిస్తే, బొమ్మ జారుతున్నట్టు వరసగా వెనక్కి పోతుంది. కొరియా ఆటగాళ్ల వల్ల పేరొచ్చింది కాబట్టి ఆ పేరు. వేళ్లు నొప్పి పుట్టేదాకా నేర్చుకున్నాడు. బాగా వచ్చింది కూడా. అయినా మొదటి ఆటలోనే ఒక కాలేజీ కుర్రాడి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. నిజం చెబుతున్నాను, "పోనీలే, ఇకనైనా మానేస్తాడు" అని లోపల సంతోషించాను.

మానలేదు. ఈ ఆటలో ఘోస్ట్ అని ఒకటుంది. మనం ఆడుతుంటే కంప్యూటర్ మన అలవాట్లు గమనించి, అచ్చం మనలాగే ఆడే ఒక నీడను తయారుచేస్తుంది. దానితో మనమే పోరాడొచ్చు. మావాడు తన ఘోస్ట్‌తో ఆడాడు. రెండు ఆటలయ్యేసరికి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అలా ఉండిపోయాడు. ఆ నీడ రెండుసార్లు వెనక్కి గెంతుతోంది, వెంటనే ముందుకు దూకి కాళ్ల మీద తంతోంది. మళ్లీ రెండు వెనక్కి, ఒక తన్ను. "నేను ఇలాగే ఆడతానా?" అన్నాడు.

రఫ్ నోట్‌బుక్‌లో గీతలు గీశాడు. తను ఓడిపోయిన ఆటల రీప్లేలు పెట్టి, "వెనక్కి వెళ్లాక ఏం చేశాను?" అని ఒక్క ప్రశ్నకే జవాబులు రాసుకున్నాడు. ఇరవైసార్లలో పదహారుసార్లు అదే తన్ను. కదలిక ఎంత బాగున్నా, దాని చివర ఏం వస్తుందో అవతలివాడికి తెలుసు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత వాడు చేసిన పని. కంగారుపడి ఏదో ఒక బటన్ నొక్కేయలేదు. "అలా చేస్తే నాకే తెలియదు నేనేం చేస్తున్నానో, ఇంక గెలిచేదెలా?" అన్నాడు. వెనక్కి వెళ్లడం అలాగే ఉంచి, ఆ తర్వాత చేయడానికి నాలుగు దారులు రాసుకున్నాడు. ఏమీ చేయకుండా ఆగడం: అవతలివాడు తొందరపడి కొడితే దెబ్బ గాల్లోకి పోతుంది, అప్పుడు తిరిగి కొట్టొచ్చు. పక్కకు అడుగేయడం: నేరుగా వచ్చే దెబ్బ తప్పుతుంది. ఇంకో అడుగు వెనక్కి పోవడం: అవతలివాడే ముందుకు రావాలి. పాత తన్ను: దాన్ని మానక్కర్లేదు, ఎప్పుడో ఒకసారి వాడితే చాలు. ప్రతి దారికీ పక్కన కారణం ఉంది. వీటిలో వాడికి అన్నిటికన్నా కష్టమైంది మొదటిదే. ఏమీ చేయకుండా ఆగడం.

ఈ ఆటలో పెద్ద పేరు పాకిస్థాన్‌లోని లాహోర్‌కు చెందిన అర్స్‌లాన్ యాష్‌ది. 2019లో జపాన్‌లోనూ, అదే సంవత్సరం లాస్ వేగాస్‌లోనూ ఈవో పోటీలు గెలిచాడు. అప్పటికి బయటి ఆటగాళ్లకు అతని ఆట పెద్దగా తెలియదు కాబట్టి గెలిచాడని అనుకోవచ్చు. కానీ ప్రపంచమంతా అతని వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాక కూడా 2023లో, 2024లో లాస్ వేగాస్‌లో మళ్లీ గెలిచాడు. "అందరికీ అలవాట్లు తెలిశాక కూడా గెలిచాడంటే, ఎప్పటికప్పుడు మారుతున్నట్టే కదమ్మా" అన్నాడు మావాడు.

ఇంతవరకూ ఇది వాడి కథ. ఇకపై చెప్పేది నాది.

అదే వారం వాడి బ్యాగ్ సర్దుతుంటే అడుగున మడతలు పెట్టిన లెక్కల వీకెండ్ టెస్ట్ పేపర్ దొరికింది. యాభైకి పంతొమ్మిది. పది రోజుల నుంచి దాచాడు. నాకు మార్కుల కన్నా దాచడమే ఎక్కువ బాధ కలిగించింది. ఆటలో ఎలా ఓడిపోయాడో రాత్రి పదింటి దాకా పూసగుచ్చినట్టు చెప్పిన పిల్లాడు, ఈ పేపర్ ఎందుకు దాచాడు? అదే అడిగాను. కాసేపు నేల చూశాడు. తర్వాత అన్నాడు:

"ఆటలో ఓడిపోతే నువ్వేమంటావో నాకు తెలియదమ్మా. అందుకే చెప్పాను. పేపర్ చూపిస్తే ఏమంటావో ప్రతి మాటా తెలుసు. ఎన్ని వచ్చాయి? హయ్యెస్ట్ ఎంత? నీకేం తక్కువ చేశాం? ఇదే వరసలో." ఒక్క క్షణం ఆగి, "నీ ఘోస్ట్ నా దగ్గర కూడా ఉంది" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోట్లోంచి వెంటనే వచ్చిన మాట ఏమిటో తెలుసా? "ఇంతకీ హయ్యెస్ట్ ఎంత?" త్రికోణం బటన్ నొక్కినట్టే నొక్కేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే నేను అడిగే మొదటి ప్రశ్న వాడికి తెలుసు. దానికి కాపు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు: "ఇంకా ఇవ్వలేదు", "పర్లేదు, బాగానే రాశా". నేను ఎంత గట్టిగా అడిగితే ఆ కాపు అంత గట్టిపడింది. తప్పు వాడిది మాత్రమే కాదు.

వాడి నోట్‌బుక్ పద్ధతే నేనూ పాటించాను. ఇంటికి రాగానే మార్కుల ఊసెత్తకూడదు. అన్నాలయ్యేదాకా ఒక అడుగు వెనక్కి. అడిగితే, ఎన్ని వచ్చాయని కాకుండా "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు?" అని అడగాలి. ఒక్కోరోజు అసలేమీ అడగకూడదు. మొదటి వారం వాడు నన్ను అనుమానంగా చూశాడు, ఏదో కొత్త ఎత్తు వేస్తున్నానని. నేనూ రెండుసార్లు జారాను. పద్నాలుగేళ్ల అలవాటు, ఒక్క వారంలో పోతుందా?

నెల దాటాక ఒక రాత్రి తనంతట తనే పేపర్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. యాభైకి ఇరవై నాలుగు. పెద్దగా పెరగలేదు. కానీ మడతలు లేవు. "ఇక్కడ, ఈ త్రికోణాల సర్వసమానత్వం దగ్గర ప్రతిసారీ ఇదే తప్పు చేస్తున్నానమ్మా" అని వేలు పెట్టి చూపించాడు. రీప్లే చూసినట్టే చూశాడు తన పేపర్‌ని. మర్నాడు లెక్కల సార్‌ని కలిసి అడిగాడట. గేమింగ్ సెంటర్‌లో రెండో పోటీకి వెళ్లి ఒకటి గెలిచాడు, తర్వాతిది ఓడిపోయాడు. ఆ రాత్రి అన్నం తిన్నాడు.

ఇది చదివి పిల్లలకు కంట్రోలర్ కొనిపెట్టమని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో ఆ గంట షరతు ఇప్పటికీ ఉంది, పరీక్షల ముందు వారం అదీ లేదు. ఈ ఆటకు అమెరికాలో 13 ఏళ్లు, యూరప్‌లో 16 ఏళ్లు దాటినవారికి అని రేటింగ్ ఉంది, కాబట్టి మీరు పక్కన కూర్చుని చూశాకే నిర్ణయించుకోండి. డబ్బు పెట్టి ఆడే ఆటలతో దీన్ని కలపకండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పిల్లలు ఏది ఆడుతున్నారో మనకు తెలిసి ఉండాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రోజు సాయంత్రం స్కూల్ బస్సు దిగి పిల్లలు ఇంట్లోకి వచ్చినప్పుడు, మీ నోటి దాకా వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో ఒక్కసారి గమనించండి. అది మీ పిల్లలకు ముందే తెలుసేమో వాళ్లనే అడగండి. మా ఇంట్లోలా వరసపెట్టి అప్పజెబితే కోప్పడకండి. ఒక్క అడుగు వెనక్కి వేసి, వాళ్లను మాట్లాడనివ్వండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి