పడవ వెనక గోడ

నాలుగేళ్ళ క్రితం మినెసోటాలో సెకండ్ హ్యాండ్‌లో ఒక అల్యూమినియం పడవ కొన్నాను. 14 అడుగులు, వెనకాల 15 హార్స్‌పవర్ మోటారు. 10,000 సరస్సుల రాష్ట్రమని పేరున్న చోట ఉంటూ పడవ లేకపోతే ఎలా అని మావాడి గొడవ.

ఈ ఏప్రిల్లో మంచు కరిగాక పడవ బయటికి లాగి, మోటారు పట్టుకుని ఊపి చూశా. దాంతోపాటు పడవ వెనక గోడ కూడా ఊగింది. దాన్ని ట్రాన్సమ్ అంటారు. పైకి రేకే కనబడుతుంది గానీ, బలమంతా లోపలున్న ప్లైవుడ్డుదే. దాదాపు 50 కిలోల మోటారుని, అది తోసే తోపునీ మోసేది అదే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మగ్గిన జామపండులోకి దిగినట్టు దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం అన్నమాట!

అమ్మినాయన్ని బాగా తిట్టుకున్నాను. ఆ వెంటనే వచ్చిన ఆలోచన చెప్పాలంటే సిగ్గేస్తోంది. కాస్త పెయింటు కొట్టి మనమూ అమ్మేద్దాం అని. మా ఆవిడ ఒకటే అడిగింది, "కొనేవాళ్ళకి ఈ సంగతి చెప్తారా?" నేను పక్కనుంటే మోటారు నడిపేది మా పదమూడేళ్ళవాడు. రేపు అదే చోట ఇంకొకరి పిల్లాడు కూర్చుంటాడు. నోరు మూసుకుని పని మొదలెట్టాను.

రివెట్లు తీసి పై పట్టీ విప్పితే చెక్క గుప్పిళ్ళతో వచ్చింది, తడిసిన కాఫీపొడిలా. నీళ్ళలో ఉంటే చెక్క కుళ్ళుతుందనుకునేవాణ్ణి. అసలు పూర్తిగా మునిగిన చెక్క ఏళ్ళ తరబడి ఉంటుంది. కుళ్ళబెట్టే బూజుకి తడితోపాటు గాలి కూడా కావాలి. రేకు లోపల దానికి రెండూ దొరికాయి. నీళ్ళెలా వెళ్ళాయంటారా? స్క్రూ కన్నాల్లోంచి. అందులో రెండు నేను పెట్టినవే! ఫిష్ ఫైండర్ బిగించడానికి మొదటేడు పెట్టాను, సీలెంట్ పూయకుండా. పాత కోడులో బగ్గు ఎవడిదా అని వెతుక్కుంటూ పోతే హిస్టరీలో మన పేరే కనబడినట్టు.

షాపులో, మందు పట్టించిన చెక్క తీసుకోండి, కుళ్ళదు అన్నారు. కొనబోయి ఆగాను. అమెరికాలో ఇళ్ళకి వాడే ఈ చెక్కలో 2004 నుంచి ఆర్సెనిక్ మందు మానేసి, రాగి ఎక్కువున్న మందులు వాడుతున్నారు. తడి తగిలితే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. చెక్క బతుకుతుంది, పడవ పోతుంది.

చివరికి ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, అట్టముక్క మీద గీసుకున్న కొలతకి కోసి, అన్నివైపులా మూడుసార్లు ఎపాక్సీ పూశాను. బోల్టులకి ముందు పెద్ద కన్నాలు పెట్టి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ సన్నకన్నం పెట్టాను. రేపెవరైనా సీలెంట్ మర్చిపోయినా నీళ్ళు చెక్కదాకా పోవు. మొత్తం మూడు వారాంతాలు, రెండొందల డాలర్లు.

మొన్న సరస్సులో మావాడు ఫుల్ స్పీడ్ ఇచ్చాడు. నేను మాత్రం వెనక గోడ వంకే చూస్తూ కూర్చున్నా. కదల్లేదు. పనంతా ఫోటోలు తీసి పెట్టాను. ఎప్పుడైనా అమ్మితే అవి చూపించే అమ్ముతాను, నా రెండు కన్నాలతో సహా.