పాటలో నీళ్లు లేవు

ఈ హాస్టల్లో నేను ఆరో తరగతిలో చేరి, పదో తరగతి పూర్తయ్యాక ట్రంకుపెట్టెతో బయటకు నడిచాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే మొదట మన పప్పుచారు మీద రాద్దామనుకున్నాను. దాని మీద ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కనుక మా ఊరి చెరువు గురించి రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చేపల పాటను పొరుగూరి కాంట్రాక్టరు పాడుకున్నాడు. అంతకుముందు ఊరివాళ్లే పాడుకునేవారు. ఇతను వస్తూనే చెరువులో కోళ్ల ఎరువు పోయించాడు. నీళ్లు పచ్చబడి వాసన కొట్టాయి. గేదెలు దిగితే చేపపిల్లలు చస్తాయని రేవుకు ముళ్లకంప కొట్టించాడు. బట్టలుతికే బండలు కూడా కంపకు అవతలే ఉండిపోయాయి. కాపలాకు ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషి మా నాయన.

నాయనను తప్పుపట్టలేను. అవి కూలి దొరకని నెలలు.

దసరా సెలవులకు వెళ్లేసరికి అమ్మ చూలు గేదెను మైలు దూరం కాలువకు తోలుకుపోతోంది. మన గేదెను మీ నాయనే అదిలించాడురా అని చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి హాస్టల్ లైబ్రరీలో (ఒక్క బీరువానే అలా పిలిచేవాళ్లం) అంబేద్కర్ జీవితం చదివి ఉన్నాను. 1927 మార్చి 20న మహాడ్‌లో ఆయన చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి మనందరికీ తెలుసు. తర్వాతి సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ చెరువును అందరికీ తెరుస్తున్నామని అక్కడి మున్సిపాలిటీయే 1924లో తీర్మానించింది. అయినా అగ్రకులాలవారు కోర్టుకెక్కారు. మా ఆచారం అన్నారు, అది చాలదన్నట్లు చెరువు ప్రైవేటు ఆస్తి అని కూడా అన్నారు. బొంబాయి హైకోర్టు ఆ దావా కొట్టేసేసరికి 1937 వచ్చింది. ఆచారం మీద నాకు ముందే కోపం ఉంది. ఆస్తి అన్న మాటను అనుమానించడం మాత్రం అక్కడే నేర్చుకున్నాను.

వాడలో పెద్దలతో ఈ మాట అంటే అమ్మ నా నోరు మూసింది. మా పాత ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే కదా. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఒక తాత పంచాయతీ ఆఫీసుకు వెళ్లి పాట కాగితం చదువుదాం పద అన్నాడు. చదివాను. మూడేళ్లకు చేపలు పట్టుకునే హక్కు అని ఉంది. నీళ్ల ఊసే లేదు. "చేపలు పాడుకున్నాడు, నీళ్లు పాడుకోలేదుగా!" అన్నాడు తాత.

పాట డబ్బు పంచాయతీకే వస్తుందని, దానితో ఊరికే మేలని సర్దిచెప్పినవారున్నారు. వాళ్లందరి దొడ్లలో బోర్లున్నాయి. చెరువు తప్ప గతిలేనిది మా వాడకే.

అర్జీ నేనే రాశాను. నాయన వేలిముద్ర వేయలేదు. మండలాఫీసునుంచి మనిషి వచ్చి ఒకవైపు కంప తీయించాడు. కోళ్ల ఎరువు మాత్రం గడువు తీరేదాకా పడుతూనే ఉంది. అర్జీ రాసింది ఎవరి కొడుకో తెలిసిన రోజే నాయన పని పోయింది.

ఆదివారాలు అందరి నాయనలూ వచ్చేవారు. మా నాయన రెండు నెలలు రాలేదు. ఆ తర్వాత ఒకరోజు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. గేదె ఈనిందని చెప్పి, జున్ను గిన్నె చేతికిచ్చి, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.