ఓర్లాండో దారిలో లావుపాటి పుస్తకం

అట్లాంటా నుంచి ఓర్లాండోకి దాదాపు 440 మైళ్లు. ఐ-75 పట్టుకుని మేకన్, వాల్డోస్టా దాటితే ఫ్లోరిడా వస్తుంది. ఓకాలా తర్వాత వైల్డ్‌వుడ్ దగ్గర టర్న్‌పైక్ ఎక్కాలి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఆరేళ్ల పాప, మూడేళ్లు నిండని బాబు బండిలో ఉన్నారు. మా ఆయన నడుపుతున్నారు. జార్జియాలో రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంటే నాన్న బండి ఆపించి ఒక సంచీ కొనిపించారు. అవి వలుచుకు తింటూ నా ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూశారు.

“ఏమ్మా, పిల్లలు ఆడుకునే చోటికి పోతూ ఇంత లావు పుస్తకమా?”

“మనం వెళ్లేది ఒక్క పార్కుకి కాదు నాన్నా, ఒక ఊరంత చోటుకి” అన్నాను.

వాల్ట్ డిస్నీ వరల్డ్ దాదాపు 40 చదరపు మైళ్లు. 1971 అక్టోబర్ 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలై, 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ చేరాయి. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల ధరే. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురికి టికెట్లు కొన్నాక, లోపల గడిపే ప్రతి గంటకూ విలువ కట్టాల్సిందే. అందుకే పుస్తకం ఎంచుకోవడానికి అంత సమయం పెట్టాను.

మా ఊరి లైబ్రరీలో 917.59 అంకె ఉన్న అర ఫ్లోరిడా యాత్రలది. అక్కడ వరసగా డిస్నీ పుస్తకాలే. మొదట చూసేది అట్ట మీది బొమ్మ కాదు, ఎడిషన్ సంవత్సరం. స్ప్లాష్ మౌంటెన్ ఎక్కమని చెబుతోందంటే ఆ పుస్తకం పాతది. ఆ రైడ్‌ను 2023 జనవరిలో మూసేసి, దాని చోటే టియానాస్ బాయూ అడ్వెంచర్‌ను 2024 జూన్‌లో తెరిచారు. క్యూ తప్పించుకోవడానికి అదనంగా కట్టే డబ్బు సంగతీ అంతే. 1999లో ఉచితంగా మొదలైన ఫాస్ట్‌పాస్ పోయి, 2021లో జీనీ ప్లస్ వచ్చింది. 2024 జూలైలో దాని స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ వచ్చింది. ఇలాంటి చోట రెండేళ్ల నాటి సలహా డబ్బు దండగ చేయిస్తుంది.

చివరికి నా చేతిలో రెండు పుస్తకాలు మిగిలాయి. ఒకటి బర్న్‌బామ్ గైడ్. అది అధికారిక పుస్తకమని అట్ట మీదే ఉంటుంది, వేసేది డిస్నీ వాళ్ల ప్రచురణ సంస్థే. ఫొటోలు అందంగా ఉన్నాయి. పాప దాన్ని వదల్లేదు. రెండోది అనఫీషియల్ గైడ్. బాబ్ సెహ్లింగర్ మొదలుపెట్టిన ఆ పుస్తకానికి, కంప్యూటర్ శాస్త్రం చదివిన లెన్ టెస్టా తోడై, ఏ రైడ్ తర్వాత ఏది ఎక్కితే నిలబడే సమయం తగ్గుతుందో లెక్కలు వేసి వరస ఇచ్చారు. సొంత సరుకు గురించి రాసేవాళ్లు “ఇది వదిలెయ్యండి” అని గట్టిగా చెప్పలేరు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా ముందు కావలసిన మాట అదే. బర్న్‌బామ్ పాపకిచ్చి, నేను రెండోది కొనుక్కున్నాను.

అందులో నన్ను పట్టేసింది వయసులవారీ రేటింగ్. బడికి వెళ్లని పిల్లల నుంచి పెద్ద వయసువాళ్ల దాకా ఒక్కో రైడ్‌ను ఎవరెవరు ఎంత మెచ్చుకున్నారో విడివిడిగా ఉంటుంది. చిన్నపిల్లలు ఏ రైడ్‌లో దేనికి భయపడతారో చెప్పే పట్టిక వేరే ఉంది. హాంటెడ్ మాన్షన్‌లో మొదటి గది చీకటైపోతుందని ముందే చదివి, పాపని ఆ వైపు తీసుకెళ్లలేదు. స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. ఇంట్లో గోడకి నిలబెట్టి కొలిస్తే పాప 43. ఆ బాధేదో ఇంటి దగ్గరే తీరిపోయింది, గేటు ముందు ఏడుపు లేకుండా.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. సొంత బండిలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్తే, పార్కింగ్ నుంచి ముందు టికెట్ సెంటర్‌కి చేరి, అక్కడ మోనోరైల్ గానీ పడవ గానీ ఎక్కి సరస్సు దాటాలి. గేటు చేరేసరికి అరగంట దాటొచ్చు. డిస్నీ హోటళ్ల బస్సులు మాత్రం గేటు దగ్గరే దింపుతాయి. పైగా ఆ హోటళ్లలో దిగినవాళ్లను అందరికంటే అరగంట ముందు లోపలికి వదులుతారు. ఇది చదివాకే, బయట చవగ్గా గదులున్నా, డిస్నీ వాళ్ల చవక హోటల్లోనే దిగాం.

ఆ అరగంటలో నేరుగా పీటర్ పాన్స్ ఫ్లైట్‌కి నడిచాం. దానికెప్పుడూ పెద్ద క్యూ ఎందుకుంటుందో పుస్తకమే చెప్పింది. పిల్లలందరికీ ఇష్టం, గంటకి ఎక్కించుకోగలిగేది మాత్రం కొద్దిమందినే. పక్కనే ఉన్న ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో పడవలు వరసగా కదులుతూనే ఉంటాయి కాబట్టి క్యూ త్వరగా సాగుతుంది. ఏ రైడ్ ఎంతమందిని మోస్తుందో చెప్పని పుస్తకం నాకెందుకు? మేం దిగి వెనక్కి చూసేసరికి పీటర్ పాన్ క్యూ బయటిదాకా పెరిగింది.

ఎండ ముదిరాక కేరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌కి వెళ్లాం. అది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసినది. చల్లగా ఏసీలో కూర్చుంటే చాలు, వేదిక చుట్టూ ప్రేక్షకుల కుర్చీలే తిరుగుతాయి. ఒక కుటుంబం ఇంట్లోకి తరాలుగా ఏమేం వచ్చాయో బొమ్మలు చెబుతాయి. రెండో దృశ్యంలో ఇంటినిండా కరెంటు తీగలు. అన్నీ ఒకేసారి వెయ్యబోతే ఫ్యూజు పోతుంది. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన నాన్న కుర్చీలో ముందుకు వంగారు.

“చూడమ్మా, లోడు చూసుకోకుండా వేస్తే అంతే! మా ఊళ్లోనూ ఇదే గొడవ” అంటూ పాపకి ఫ్యూజు సంగతి వివరించడం మొదలుపెట్టారు. బయటికొచ్చాక మళ్లీ చూద్దామన్నారు. చూశాం.

మర్నాడు యానిమల్ కింగ్‌డమ్. ముందు ఓపెన్ ట్రక్కులో సఫారీ, తర్వాత ఆనందపూర్ అని పేరు పెట్టిన ఊహా పట్టణం. అక్కడ పాడుబడ్డ రాజమహల్‌లా కట్టిన గోడల మధ్య పులులుంటాయి. అమ్మ వీల్‌చైర్‌లో కూర్చుని బాబుని ఒళ్లో పెట్టుకుని, పులి లేచేదాకా కదలనంది. మధ్యాహ్నం నీడన కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. గాజు పాత్రల్లో కాకపోతే బయటి తిండి తెచ్చుకోవచ్చు. తెలుగు పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లేవాళ్లు ఈ ఒక్క నియమం తెలుసుకుంటే సగం దిగులు తీరుతుంది.

సాయంత్రం ఫ్లోరిడా వాన కురిసింది. పుస్తకంలోని వరసలో ఇంకా చాలా మిగిలింది. పిల్లలు అలిసిపోయారు, హోటల్‌కి వచ్చేశాం. మంచి గైడ్‌బుక్ ఆ మాట కూడా చెబుతుంది: మధ్యలో విశ్రాంతి తీసుకోండి, అన్నీ చూడాలని పరుగెత్తకండి అని.

మీరూ వెళ్తుంటే, కొనేముందు పుస్తకం లైబ్రరీలో తెరవండి. ఎడిషన్ సంవత్సరం చూడండి. తర్వాత మీ అమ్మగారి మోకాళ్లకు, మీ పిల్లవాడి ఎత్తుకు అందులో జవాబుందో లేదో వెతకండి. అవి లేకపోతే ఎంత అందమైన పుస్తకమైనా అరలోనే పెట్టెయ్యండి.